వడ్డించని టేబుల్

బంగారు గనులు మూతపడిన తరవాత కోరమండల్ లైన్లలో, అంటే గని కార్మికుల ఇళ్ల వరసల్లో, సగం మంది మగవాళ్లు తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి వాచ్‌మన్ పనులకు పోయారు. జెరోమ్ పోలేదు. భూమి లోపల సొరంగాల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి, రాబర్ట్‌సన్‌పేట బజారులో సీతారామ నడిపే హోటల్లో వడ్డించే సప్లయర్‌గా చేరాడు. సీతారామ తండ్రి మైన్స్ ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడు. ఆ పాత పరిచయం పట్టుకొని వెళ్లి అడిగితే, సీతారామ మారు మాట్లాడకుండా పనిలో పెట్టుకున్నాడు. అప్పటినుంచి జెరోమ్ అక్కడే ఉన్నాడు. జుట్టు నెరిసింది, మోకాళ్లు నొప్పి పట్టాయి, సప్లయర్లందరిలోకీ పెద్దవాడయ్యాడు. యజమాని ఊళ్లో లేనిరోజు హోటల్ తాళాలు అతని దగ్గరే ఉండేవి.

అతని కొడుకు డెన్నిస్ వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. వారమంతా కంపెనీ ఇచ్చిన నీలం ప్యాంటు, నీలం చొక్కా. ఆదివారం మాత్రం స్కర్టు వేసుకునేవాడు. ముదురు ఆకుపచ్చ బట్టతో మడమల దాకా తనే కుట్టుకున్నాడు. పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ముఖం మీద గడ్డం ఎప్పటిలాగే ఉండేది. మొదట్లో ఇంట్లోనే వేసుకున్నాడు. కొన్నాళ్లకు వీధి కొళాయి దాకా వెళ్లాడు. ఆ తరవాత చర్చికీ వెళ్లాడు.

"ఇదేమిరా?" అని జెరోమ్ అడిగితే, "నాకు ఇట్లుంటే బాగుండాది నాయనా. ఇంగేం లేదు" అన్నాడు.

తల్లి లూర్దమ్మ ఇంకాస్త సూటిగా అడిగింది. "నీకు ఆడదానిగా బతకాలని ఉండాదా? ఉంటే చెప్పు. దాచుకోవద్దు."

డెన్నిస్ నవ్వాడు. "లేదమ్మా. నేను నేనే. బట్ట ఒకటే వేరే."

"సరే పో. మన ఫాదర్ వేసుకునే అంగీ కూడా కాళ్ల దాకానే కదా" అని ఆమె ఊరుకుంది. జెరోమ్ ఊరుకోలేకపోయాడు. చర్చిలో పూజకు వెళ్లేటప్పుడు కొడుకు కంటే నాలుగడుగులు ముందు నడిచేవాడు. ఎవరైనా పలకరిస్తే ఆగకుండా చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు.

మామిడికాయల కాలం. ఒక ఆదివారం పొద్దున హోటల్ కిటకిటలాడుతోంది. డెన్నిస్ చర్చి నుంచి నేరుగా వచ్చి కిటికీ పక్కన ఖాళీగా ఉన్న టేబుల్ దగ్గర కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ వస్తున్న హోటలే. కానీ ఆ బట్టలతో రావడం అదే మొదటిసారి. తలలన్నీ ఒకసారి అటు తిరిగాయి. కాసేపటికి చాలామంది మళ్లీ తమ ప్లేట్లలోకి చూసుకున్నారు.

పక్క టేబుల్ దగ్గర పిల్లప్ప తన కుటుంబంతో కూర్చొని ఉన్నాడు. శ్రీనివాసపురంలో మామిడి మండీ ఉన్న మనిషి, అత్తగారిల్లు ఈ ఊరే. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా వంట సీతారామదే. పిల్లప్ప లేచి గల్లా దగ్గరికి వెళ్లాడు.

"సామీ, ఆడపిల్లలతో వచ్చినాము. గడ్డం పెట్టుకొని పావడ కట్టుకున్నోడి పక్కన కూర్చోబెడతారా? వాడైనా లెయ్యాల, మేమైనా లేస్తాము."

సీతారామ జెరోమ్‌ను వంటింటి గుమ్మం వైపు పిలిచి గొంతు తగ్గించాడు. "జెరోమూ, నువ్వు పోయి చెప్పు. నేను చెప్తే రచ్చ అవుతాది. నువ్వు చెప్తే తండ్రీకొడుకుల మాటగా పోతాది. కావాలంటే పార్సిల్ కట్టి ఇయ్యి."

జెరోమ్ చేతిలో రెండు ప్లేట్ల ఇడ్లీలున్నాయి. వాటిని ఇవ్వాల్సిన చోట ఇచ్చి, కొడుకు దగ్గరికి వెళ్లాడు.

"పార్సిల్ కట్టిస్తా. ఇంటికి తీసుకొని పో."

"కూర్చొని తినేదానికి వచ్చినా నాయనా. ఒక మసాలా దోసె."

"ఈడ ఇయ్యలేము."

డెన్నిస్ తల ఎత్తి చూశాడు. "ఇది నువ్వు చెప్పేదా, హోటలు చెప్పేదా?"

"హోటలు" అన్నాడు జెరోమ్. ఆ మాట అంటూ కొడుకు ముఖం వైపు కాకుండా టేబుల్ మీది నీళ్ల జగ్గు వైపు చూశాడు. డెన్నిస్ లేచి, స్కర్టు కుచ్చిళ్లు కుర్చీకి చిక్కుకోకుండా చేత్తో సర్దుకొని బయటికి నడిచాడు. పిల్లప్ప కుటుంబం ఇంకో విడత పూరీలు తెప్పించుకుంది. ఆ పూరీలు తెచ్చి వడ్డించింది కూడా జెరోమే.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి లూర్దమ్మకు సంగతి తెలిసిపోయింది. అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

"నువ్వు చెప్పకపోతే ఏమయ్యేది?" అని గుమ్మంలోనుంచి అడిగింది.

"పని పోయేది."

"పోనీ, ఆ హోటలాయనే వచ్చి చెప్పుకొనేవాడు కదా. నీ నోటితో ఎందుకు చెప్పినావు?"

నిజానికి సీతారామ చెప్పమన్నప్పుడు, ఒక్క క్షణం జెరోమ్‌కు మనసులో తేలికగా అనిపించింది. వాడు లేచి వెళ్లిపోతే అందరూ చూడటం ఆగిపోతుందని అనుకున్నాడు. ఆ సంగతి భార్యకు చెప్పలేక, అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

మరుసటి ఆదివారం డెన్నిస్ మళ్లీ వచ్చాడు. అదే స్కర్టు, అదే టేబుల్. సీతారామ సప్లయర్లందరికీ ముందే చెప్పి ఉంచాడు. ఎవరూ దగ్గరికి వెళ్లలేదు. డెన్నిస్ కూడా ఎవరినీ పిలవలేదు, గొంతు పెంచలేదు. టేబుల్ మీద రెండు చేతులూ పెట్టుకొని కూర్చొని, చుట్టూ జనం తిని వెళ్లిపోతుంటే చూస్తూ ఉండి, చాలాసేపటికి లేచి వెళ్లిపోయాడు. ఆ తరవాతి ఆదివారమూ అంతే.

జెరోమ్ ఆ టేబుల్‌ను తప్పించుకొని తిరగలేకపోయేవాడు. వంటింట్లోనుంచి హాల్లోకి రావాలంటే దాని పక్కనుంచే దారి. చేతుల్లో పొగలు కక్కే దోసెలు పట్టుకొని, ఆకలితో ఉన్న కొడుకును దాటుకుంటూ వెళ్లి ముక్కూ ముఖం తెలియనివాళ్లకు పెట్టేవాడు. ఒకసారి కొడుకు వైపు చూస్తూ సాంబారు ఒకరి చొక్కా మీద ఒలికించాడు.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. హోటలు ఆయనది, ఎవరికి పెట్టాలో ఆయన ఇష్టం అని కొందరన్నారు. వాడు చేసిన తప్పేమిటి, ఒళ్లంతా కప్పుకొనే కదా కూర్చున్నాడు అని కొందరన్నారు. పోలీసు కేసు పెట్టమని ఫ్యాక్టరీ స్నేహితులు డెన్నిస్‌కు చెప్పారు. "కేసు పెడితే మా నాయన పేరు కూడా వస్తాది. చెప్పింది ఆయనే కదా" అని వాడు ఒప్పుకోలేదట. ఆ మాట లూర్దమ్మ ద్వారా జెరోమ్ చెవిన పడింది.

మరో ఆదివారం, బయటి ఊరి కుర్రాళ్లు కొందరు కాఫీకి వచ్చారు. డెన్నిస్‌ను చూసి నవ్వుకున్నారు, ఫోన్లు తీశారు. వాళ్లలో ఒకడు వెళ్తూ వెళ్తూ వంగి, స్కర్టు అంచు పట్టుకొని పైకి లాగాడు. డెన్నిస్ రెండు చేతులతో బట్టను అదిమి పట్టుకున్నాడు. కుర్చీ వెనక్కి పడి, తనూ పడ్డాడు. జెరోమ్ చేతిలోని ట్రే ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు. ఆ కుర్రాడి మణికట్టు పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి దుంగలు మోసిన చెయ్యి అది. కుర్రాడు వదలమని బతిమాలేదాకా పట్టు వదల్లేదు.

"పిల్లోడు ఎవరి జోలికన్నా వచ్చినాడా?" అని మాత్రం అడిగాడు.

కుర్రాళ్లు వెళ్లిపోయారు. డెన్నిస్ మోచెయ్యి చర్మం లేచింది. పాత్రలు కడిగే మునిలక్ష్మమ్మ తడిగుడ్డ తెచ్చి అద్దింది. సీతారామ గల్లా వెనక నిలబడి ఇదంతా చూశాడు.

ఆ రోజు సాయంత్రం హోటల్ షట్టర్ మీద ఒక అట్ట వేలాడింది. ఇకమీదట ఆదివారాలు సెలవు.

ఆదివారం లేకపోతే సప్లయర్లకు ఆ రోజు కూలి లేదు, పైన వచ్చే చిల్లరా లేదు. అందరూ జెరోమ్ వైపే చూశారు. గాయానికి తడిగుడ్డ అద్దిన మునిలక్ష్మమ్మే, "నీ కొడుకు పావడ కోసం మా కడుపు మాడాలా అప్పా?" అని అడిగింది. ఆమె కోపంగా అడగలేదు. అందుకే జెరోమ్‌కు ఎక్కువ బాధ కలిగింది.

డెన్నిస్ ఆ సంగతి విని, "ఇంగ నేను పోను నాయనా. తెరవమని చెప్పు" అన్నాడు. ముఖం గోడ వైపు తిప్పుకొని పడుకున్నాడు. జెరోమ్ చాలా వారాలుగా ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక అతనికి ఊరట కలగలేదు. చొక్కా వేసుకొని సీతారామ ఇంటికి బయలుదేరాడు.

సీతారామ భార్య కుముద తలుపు తీసి కూర్చోమంది. సీతారామ వచ్చి ఎదుట కూర్చున్నాడు.

"నీ కొడుకును నేను కొట్టించినా అనుకుంటావేమో" అన్నాడు.

"అనుకోలేదు సామీ."

"ఊళ్లో నేను భేదం చూపిస్తున్నానంటున్నారు. ఇన్నేళ్లలో నా హోటల్లో ఎవరి కులమైనా అడిగినానా? ఎవరి మతమైనా అడిగినానా? నువ్వే చెప్పు."

"లేదు."

"మరి ఇది భేదం ఎట్లవుతాది? పుట్టుకను ఎవరూ మార్చుకోలేరు. బట్ట మార్చుకోవచ్చు కదా. ప్యాంటు వేసుకొని రమ్మను, నేనే పిలిచి కూర్చోబెడతాను."

జెరోమ్ మెల్లగా చెప్పాడు. "మా తాతది కుప్పం పక్కన పల్లె. ఆడ కాఫీ అంగట్లో ఆయన్ను బయట నిలబెట్టి కొబ్బరిచిప్పలో పోసేవాళ్లంట. అది ఓర్చుకోలేకనే ఊరొదిలి ఈడకొచ్చి గనిలో దిగినాడు. ఆ అంగడి మనిషి చెడ్డోడు కాదని తాత చెప్పేవాడు. 'నాదేముందప్పా, నిన్ను లోపల కూర్చోబెడితే మిగతావాళ్లు లేచిపోతారు' అనేవాడంట."

"నన్ను వాడితో కలుపుతావా జెరోమూ?"

"మీరు నాకు అన్నం పెట్టినారు. మిమ్మల్ని అనలేదు. కొడుకు దగ్గరికి పోయి ఇయ్యలేమని చెప్పింది నేను. చెప్పినాక నాకు ఆ అంగడి మనిషే గుర్తుకొచ్చినాడు." కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. "ఆ పావడ చూస్తే నాకూ కష్టంగానే ఉండాది సామీ. ఇప్పటికీ ఉండాది. అది వేరే. వాడికి దోసె పెట్టేది వేరే."

కుముద ఇంతసేపూ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "చొక్కా లేకుండా ఉత్త పంచెతో పూజారి వస్తే కూర్చోబెట్టి పెడతాము. ఆ పిల్లోడు మెడ నుంచి మడమల దాకా కప్పుకొని వస్తే లెయ్యమంటాము. నాకైతే ఇది అర్థం కాలేదు" అంది భర్తతో.

"అర్థం కానిది నీకే కాదు" అన్నాడు సీతారామ విసుగ్గా. తరవాత నేల చూస్తూ, "భేదమో కాదో నాకు తెలీదు. నాకు భయం, అంతే. పిల్లప్ప లాంటోళ్లు పది మంది లేచిపోతే ఆ హోటలు ఏమవుతాది?" అన్నాడు.

"తెరవండి సామీ. వాడు వస్తే నేను ఇస్తాను. వద్దంటే నాకు చెప్పండి, ఈ సప్లయర్ కోటు ఆడ పెట్టేసి పోతాను. మళ్లీ వాడికి లేదని మాత్రం చెప్పలేను."

సీతారామ ఔననలేదు, కాదనలేదు. ఆ శనివారం అట్ట తీసేశాడు.

ఆదివారం డెన్నిస్ రానన్నాడు. లూర్దమ్మ వాడి చెయ్యి పట్టుకొని, తనే వెంటబెట్టుకొని వచ్చింది. ఆ హోటల్లో ఆమె కూర్చోవడం చాలా అరుదు. తల్లీకొడుకులు గోడవార టేబుల్ దగ్గర కూర్చున్నారు. పిల్లప్ప ఆ రోజూ వచ్చి ఉన్నాడు. జెరోమ్ వంటింట్లోకి వెళ్లి రెండు మసాలా దోసెలు అడిగి తీసుకొని, హాలు మధ్యనుంచి నడిచి వాళ్ల ముందు పెట్టాడు. పిల్లప్ప ప్లేటు తోసేసి, భార్యాపిల్లలను లేపుకొని వెళ్లిపోయాడు. ఇంకో రెండు కుటుంబాలు కూడా లేచాయి. మిగిలినవాళ్లు తింటూనే ఉన్నారు.

డెన్నిస్ సగం తిని ఆపేశాడు. "ఆకలి లేదమ్మా" అన్నాడు.

"తిను. వాళ్లు పోతే పోనీ" అంది లూర్దమ్మ. వాడు తల వంచుకొని మిగతాది ముగించాడు. గల్లా దగ్గర సీతారామ వాడి చేతిలోని నోటు తీసుకున్నాడు, ముఖం మాత్రం చూడలేదు.

హాలు ఖాళీ అయ్యాక సీతారామ జెరోమ్‌ను పిలిచాడు. పిల్లప్ప ఫోన్ చేశాడని, వచ్చే నెల వాళ్లింటి నిశ్చితార్థం వంట వేరేవాళ్లకు ఇచ్చేశాడని చెప్పాడు. జెరోమ్ విన్నాడు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ అడగలేదు.

"వచ్చే ఆదివారం కూడా వస్తాడా?" అన్నాడు సీతారామ.

"తెలీదు సామీ. వస్తే ఇస్తాను."

సీతారామ కోటు విప్పమనలేదు, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. జెరోమ్ గుడ్డ తీసుకొని గోడవార టేబుల్ తుడవడానికి వెళ్లాడు.