పదమూడో అధ్యాయం

నేను ఒక బైబిలును. నల్ల అట్ట, ఎర్ర అంచు, మధ్యలో పట్టు రిబ్బను. నేను అచ్చాఫీసులో పుట్టానంటారు గానీ అది నా ఒంటి సంగతి. నా లోపలి పుస్తకాలు ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో చోట పుట్టాయి. తోలు చుట్టల మీదా జమ్ము కాగితాల మీదా చాలాకాలం విడివిడిగానే తిరిగాయి.

వాటినెవరు ఏరారని అడిగితే మనుషులు మతపెద్దల సభల పేర్లు చెబుతారు. సభలు జరిగాయి, కాదనను. కానీ అంతకుముందే జనం ఏరుకోవడం మొదలుపెట్టారు. ఆరాధనలో ఏది చదివితే విన్నవాళ్లు మళ్లీ చదవమన్నారో దానికి నకలు రాసుకున్నారు, పక్క ఊరి సంఘానికి పంపారు. నా చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథాన్ని కొందరు చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టారు. హెబ్రీ పత్రిక అనే ఉత్తరం ఎవరు రాశారో తేలక మరికొందరు నసిగారు. ఇప్పుడు వాటిని అనుమానిస్తే ఊరుకుంటారా? ఇక గ్రీకు బైబిలులో ఉండి హెబ్రీ బైబిలులో లేని పుస్తకాల దగ్గర తగవు తెగనే లేదు. కథోలికులు ఉంచుకున్నారు, లూథరన్లు పక్కన పెట్టారు. దేవుడి మాట ఎక్కడ ఆగుతుందో మనుషులు గీత గీసి చూపిస్తుంటే నాకు కాస్త నవ్వొస్తుంది.

గుంటూరులో ఆ తగవు నా మెడ మీదికే వచ్చేసరికి నవ్వు పోయింది.

లూర్దుమేరి పెళ్లికి వాళ్లమ్మ నన్ను కొనిచ్చింది. ఆర్.సి.ఎం. పిల్ల, అంటే కథోలికుల అమ్మాయి, మెట్టింది లూథరన్ల ఇంట్లో. అత్తగారు సూసన్నమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. వారం తిరక్కుండానే నన్ను తిరగేసింది.

"ఏడు పుస్తకాలు ఎక్కువున్నాయే ఇందులో! బైండింగాయన దగ్గరికి పంపి కోయిస్తా. దేవుడి వాక్యానికి మనం కలపగూడదమ్మా."

"మా అమ్మ ఇచ్చిందత్తయ్యా," అని మాత్రం అనగలిగి, లూర్దుమేరి కళ్లు తుడుచుకుంది. నాకూ భయమేసింది. ఆ ఆకులు పోతే నేను ఆ పిల్ల పుట్టింటి బైబిలునే కాకుండా పోతాను.

ఆ ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన తప్పదు. వరసగా రోజుకో అధ్యాయం చదవాలి. దీపాలు పెట్టాక సూసన్నమ్మకు చూపు ఆనదు కాబట్టి చదివే పని కోడలిది. ఆ పిల్ల నన్నే పట్టుకుని చదివేది. మర్నాడు నన్ను బైండింగుకు పంపుతారనగా, వరసలో దానియేలు గ్రంథం పన్నెండో అధ్యాయం అయిపోయి ఉంది. ఇక హోషేయ గ్రంథమని అత్తగారు కళ్లు మూసుకుంది. కోడలు అలవాటుగా పేజీ తిప్పి చదవసాగింది.

"ఆగమ్మా. దానియేలుకి పన్నెండే గదా అధ్యాయాలు?"

"మా దాంట్లో ఇంకా ఉందత్తయ్యా, ఆ ఏడు పుస్తకాల్లాగే. సూసన్న అనే ఆవిడ కథ."

అత్తగారు కళ్లు తెరిచింది. లూకా సువార్తలో ఆడవాళ్ల పేర్ల మధ్య ఒక్కసారి వినపడి మాయమయ్యే పేరే తనదని ఆమె ఇన్నేళ్లూ అనుకుంది.

"సరే, కానీ."

ఇద్దరు పెద్దమనుషులు సూసన్న మీద కన్నేస్తారు. ఆమె లొంగకపోయేసరికి, పరాయి మగవాడితో చూశామని నింద వేస్తారు. పెద్దల మాట గదా, ఊరంతా నమ్ముతుంది. చావు శిక్ష వేస్తారు. అప్పుడు కుర్ర దానియేలు లేచి ఇద్దర్నీ విడదీసి, ఏ చెట్టు కింద చూశారని అడుగుతాడు. ఒకడు ఒక చెట్టు పేరు చెబితే రెండోవాడు ఇంకో చెట్టు పేరు చెబుతాడు. సూసన్న బతుకుతుంది.

చదవడం అయినా సూసన్నమ్మ ప్రార్థన మొదలుపెట్టలేదు. కోడలికి భయమేసింది.

"నా మీదా ఇద్దరు సంఘపెద్దలే ఇట్లాంటి నింద వేశారమ్మా," అంది అత్తగారు. "మీ మామ పోయిన కొత్తలో. ఏళ్ల తరబడి చర్చిలో ప్రభు భోజనం బల్ల దగ్గరికి రానివ్వలేదు. వాళ్లని విడదీసి అడిగిన పాపాన ఒక్కడూ పోలా."

లూర్దుమేరి నన్ను ఒళ్లో పెట్టుకుని అత్తగారి చెయ్యి పట్టుకుంది. భయం భయంగా అడిగింది.

"రేపు బైండింగాయన దగ్గరికి పంపాలన్నారు గదత్తయ్యా?"

సూసన్నమ్మ నా ఆకుల మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ కథ మొదటినుంచీ మళ్లీ చదువమ్మా," అంది.