చెర్రీ సంచులకు అత్తగారి సూదిపోట్లు

కోడలు జుమ్రద్‌కు చదువు ఎక్కువైందని హోసియత్ రోజూ దెప్పుతూనే ఉండేది. కానీ కడుపులో మాత్రం ఆ పిల్ల మీద కొండంత ప్రేమ. ఆ ప్రేమే కొంప ముంచింది.

ఫెర్గానా లోయలో వాళ్ళది చెర్రీ తోట, తోట పక్కనే చల్లగది. కాయ కోసిన వారంలోపు కదలకపోతే తొడిమలు నల్లబడతాయి, రష్యా వ్యాపారి మూతి తిప్పుకుంటాడు. తాష్కెంట్‌లో చదువుకొచ్చిన జుమ్రద్ సన్నని పొర సంచులేవో తెప్పించింది. మామ ఎర్గష్ మీసం దువ్వుకుని షరతు పెట్టాడు. ఇరవై పెట్టెలు, పదిహేను రోజులు. కాయ నిలిచిందా, చల్లగది పెత్తనం కోడలిది. నిలవలేదా, నోరు మూసుకుని ఇంట్లో తందూరు ముందు రొట్టెలు కాలుస్తూ కూర్చోవాలి.

పెట్టెకో సంచి పరిచి, కాయ నింపి మూతి కడుతుంటే హోసియత్ చూడలేకపోయింది. "మూతి అంత బిగించావేంటే? కాయ ఉక్కిరిబిక్కిరై చావదూ?"

"చావదత్తయ్యా. ఈ పొరలోంచే గాలి ఆడుతుంది. కొంచెం బయటికి, కొంచెం లోపలికి, అంతా లెక్క ప్రకారం."

"ఎట్నుంచి ఆడుతుంది? కన్నమేదీ?"

"కంటికి కనబడదు."

"ఓహో! కనబడని కన్నాలు అంటగట్టారా తల్లీ నీకు! నిన్ను పంపించాక ఆ తాష్కెంట్ వాళ్ళు పడీపడీ నవ్వుకుని ఉంటారు."

జుమ్రద్ నవ్వి ఇంకో సంచి మూతి బిగించింది. హోసియత్ మనసు మాత్రం ఊరుకోలేదు. నలభై ఏళ్ళుగా రొట్టెలు కాలుస్తున్న చెయ్యి అది. నడుమ సూదులు దిగ్గొట్టిన చెక్క ముద్రతో పొడవకపోతే రొట్టె బుడగలా ఉబ్బి మాడిపోతుంది. పిండికే అంత గాలి కావాలంటే పండుకు ఎంత కావాలి? పిచ్చిపిల్లను ఎవడో మోసం చేశాడు, ఇక మామ ముందు తలెత్తుకోలేదు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ముద్రను శాలువా చాటున పెట్టుకుని చల్లగదిలో దూరింది. ఒక్కో సంచీ పొందికగా పొడుచుకుంటూ పోయింది. పద్నాలుగు అయ్యేసరికి చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. మిగిలిన ఆరింటినీ వాటి ఖర్మకు వదిలేసి, ఎంత తెలివైనదాన్నో అని తనను తానే మెచ్చుకుంటూ బయటికి వచ్చింది.

పదిహేనో రోజు పొద్దున్నే ఎర్గష్ మొదటి పెట్టె విప్పాడు. చెర్రీలు ముడుచుకుపోయాయి, తొడిమలు ఎండుపుల్లలు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"అయితే అమ్మాయ్, తందూరు రాజేస్తావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆడిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

జుమ్రద్ ఖాళీ సంచిని వెలుగుకు ఎత్తింది. పొర మీద సూదిపోట్లు గుండ్రంగా, ఎనిమిది రేకుల పువ్వు. రొట్టె నడుమ ముద్ర వేసిన పువ్వును చూసి అది ఎవరింటిదో ఆ వీధిలో ఎవరైనా చెప్పగలరు. ఎనిమిది రేకులు హోసియత్‌వి. జుమ్రద్ అత్త వైపు ఒక్కసారి చూసింది. సంచిని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుంది.

"తప్పు నాదే మామయ్యా. నాకు చేతకాలేదు."

ఆ సంచి ఎందుకు దాచిందో హోసియత్‌కు అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పితే మొగుడి ముందు నవ్వులపాలు. విప్పకపోతే ఈ పిల్ల నోట్లో మట్టి కొట్టినట్టే.

"ఏమండీ, ఆగండి! అది అబద్ధం చెబుతోంది. సంచులు పాడు చేసింది నేను. రొట్టెను పొడిచినట్టు పొడిచాను. ఆ మూలనున్న ఆరూ ముట్టుకోలేదు, అవి విప్పి చూడండి."

ఎర్గష్ ఆ మూలకు నడిచాడు. అక్కడున్న పెట్టె ఒకటి విప్పాడు. పచ్చటి తొడిమలు, నిన్న కోసినట్టున్న కాయలు. ఒకటి కొరికితే పటుక్కుమంది. ఇక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నలభై ఏళ్ళ కాపరం చేశాను గానీ, చెర్రీలతో రొట్టెలు చేస్తావని తెలియదే! ఇవాళ చాయ్‌ఖానాలో ఈ ముచ్చట చెబితే నాదే రాజ్యం."

"చెప్పుకోండి, ఊరంతా చాటుకోండి. చల్లగది మాత్రం పిల్లదే."

అతను తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టి, ఇంకా నవ్వుకుంటూనే వెళ్ళిపోయాడు.

"ఎందుకు చెప్పారత్తయ్యా? పరువు పోయింది కదా," అంది జుమ్రద్.

"నువ్వెందుకు దాచావే? నా పరువు కోసం నీ బతుకు వదులుకుంటావా? నా తప్పులు మోసే కోడలు నాకక్కర్లేదు, మొహం మీద అడిగేది కావాలి!"

కసురుతూనే ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. లాక్కున్నాక ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.