ఖాళీ కుండీకి నీళ్లు

మా ఇంట్లో నాకు మొక్కల యముడని పేరు. ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతుందని కొట్టువాడు ఒట్టేసి అమ్మిన ముళ్లమొక్కను కూడా సాగనంపిన ఘనత నాది. ఒకరోజు జాలేసి చెంబెడు నీళ్లు గుమ్మరించాను. కుండీకి అడుగున చిల్లు లేదన్న సంగతి తర్వాత తెలిసింది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాల అంచులు వెంట్రుకవాసి తేడా రాకుండా అరగదీస్తాను గానీ, ఇంటికొచ్చాక ఒళ్లు నా మాట వినదు. అలాంటి నా చేతికి మూడేళ్ల కిందట మా అన్నయ్య తన నీటి ఫెర్న్‌ను అప్పగించాడంటే, వేరే దిక్కు లేకనే.

అన్నయ్య ఒక కాలేజీ తోటలో మాలి. నీటిమొక్కల షెడ్డు అతనిది. పంతొమ్మిదేళ్ల కిందట ఒక కుంటను పూడ్చి బస్సుల డిపో కడుతుంటే, లారీలు మట్టి పోసేలోపు మోకాలి లోతు బురదలో దిగి గంపెడు మొక్కలు తెచ్చుకున్నాడు. సన్నటి కాడ, కొసన నాలుగాకులు, సాయంత్రమైతే ముడుచుకుంటాయి. పువ్వు పూయదు. ఆ రకం ఇంకెక్కడా దొరకలేదని పెద్ద చదువులవాళ్లు వచ్చి వెతికి మరీ తేల్చారు. షెడ్డులో పన్నెండు తొట్లు నిండాయి. "అన్నీ ఒక్కచోటే ఉంటే నాకు నిద్ర పట్టదే అమ్మడూ," అంటూ పదమూడోది తెచ్చి నా బాల్కనీలో పెట్టాడు. వాళ్లింట్లో పెడదామంటే, తొట్టెనూ మొగుణ్ణీ కలిపి బయట పెడతానని వదిన అప్పటికే చెప్పేసింది.

"మట్టి మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి. అంతకంటే నువ్వేమీ చెయ్యొద్దు," అన్నాడు.

ఆ మొదటి ఎండాకాలంలోనే మర్చిపోయాను. పదిరోజులు. అన్నయ్య వచ్చేసరికి మట్టి బీటలు వారింది, ఆకులు మాడి పొడుములా రాలుతున్నాయి. మా ఆయన ముందు, పక్కింటావిడ వింటుండగా, చీవాట్లు పెట్టాడు. "దాహమేస్తే అది నిన్ను పిలవలేదు. నీకు కళ్లున్నాయిగా. పక్కవాళ్ల కళ్లకి అద్దాలు పెట్టడమేనా?" నలభై రెండేళ్లదాన్ని, గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ నిలబడ్డాను.

తిట్టి తిట్టి, చతికిలబడి తొట్టె ముందేసుకున్నాడు. పాత మట్టి అంతా తీసి, మూలన ఖాళీగా పడున్న ముళ్లమొక్క కుండీలో పారబోశాడు. తీగలాంటి దుంపను కడిగి, కుళ్లిన వేళ్లు గిల్లేశాడు. అడుగున జిగురుమట్టి, పైన వేలెడు ఇసుక. దుంపను దాని మీద పడుకోబెట్టి, అటూ ఇటూ రెండు గులకరాళ్లు ఆనించాడు. నీళ్లు పోసేటప్పుడు మట్టి రేగకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. పదిహేను రోజుల్లో మళ్లీ నాలుగాకులు వచ్చాయి.

ఆ చీవాట్లు నాకు ఒంటబట్టాయి. తొట్టె లోపల గోళ్లరంగుతో గీత గీసి, రోజూ పొద్దున్నే గీత దాకా నీళ్లు నింపేదాన్ని. దేనికి నీళ్లు కావాలో దేనికి అక్కర్లేదో నాకు తెలిసి చావదు కాబట్టి, మూలనున్న ఆ ఖాళీ కుండీకి కూడా పోసేదాన్ని. ఆదివారం ఆదివారం అన్నయ్య ఫోన్ చేసేవాడు. "నీళ్లున్నాయా?" "ఉన్నాయన్నయ్యా." అంతకుముందు అవసరం పడితే తప్ప మాట్లాడుకోని వాళ్లం. ఆ మొక్క పుణ్యమా అని వారానికోసారి ఒకరి గొంతు ఒకరం వినేవాళ్లం.

పోయినేడు మట్టి మార్చాల్సిన సమయానికి అన్నయ్యకు మోకాలు పట్టేసింది, మూడంతస్తులు ఎక్కలేనన్నాడు. ఫోన్‌లో చెప్పాడు, నేను చేశాను. అన్నీ అతను చెప్పినట్టే చేశాను, ఒక్కటి తప్ప. దుంప పైకి తేలుతుంటే కొట్టుకుపోతుందేమోనని భయమేసి, మట్టిలోకి బాగా నొక్కి పైన రాయి పెట్టాను. దుంపకు ఊపిరాడాలని నాకెవరు చెప్పారు. వారం తిరక్కుండా తొట్టె మురుగు కంపు కొట్టింది. రాయి తీస్తే, కింద నల్లటి జిగురు.

చెప్పలేదు. ఏడు నెలలు చెప్పలేదు. చచ్చిన మట్టి మీదే రోజూ గీత దాకా నీళ్లు పోశాను, ఆదివారం "ఉన్నాయన్నయ్యా" అన్న మాట అబద్ధం కాకూడదని. నా తెలివికి నాకే సిగ్గేసేది. షెడ్డులో ఇంకా పన్నెండున్నాయిగా అని సర్దిచెప్పుకునేదాన్ని.

మొన్న గురువారం నాకు సెలవు. మధ్యాహ్నం తలుపు తీస్తే అన్నయ్య. ఫోన్ కూడా చెయ్యకుండా, కుంటుకుంటూ మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది, అయినా నవ్వుతున్నాడు. నేను బాల్కనీ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"పన్నెండూ పోయాయే," అన్నాడు కుర్చీలో కూలబడుతూ. "నేను సెలవులో ఉన్నప్పుడు, తొట్లు పాచి పట్టాయని ఎవరో మందు కొట్టారు. వచ్చి చూస్తే అన్నీ కరిగిపోయి ఉన్నాయి."

మంచినీళ్లు తెచ్చిచ్చాను, తాగకుండా పక్కన పెట్టాడు.

"నీ దగ్గరున్న ఒక్క మొక్కనే నమ్ముకుంటే నిద్ర పట్టదు. నీ బద్ధకం మీద ఆశ పెట్టుకుని వచ్చాను, అమ్మడూ. పువ్వు పూయకపోయినా ఇది గింజల్లాంటివి పెడుతుంది, మిరియాల్లా ఉంటాయి. నీళ్లు పూర్తిగా ఇంకిపోయి, ఇక చస్తానేమో అనుకున్నప్పుడే పెడుతుంది. పెట్టిందంటే పాతికేళ్లయినా చెక్కుచెదరవు. నా దగ్గర పంతొమ్మిదేళ్లలో ఒక్కటి కూడా పెట్టలేదు. నేను ఎండనిస్తేగా. పన్నెండు తొట్లు పచ్చగా ఉంటే గింజలెందుకులే అనుకున్నాను." ముందుకు వంగాడు. "నువ్వు ఎన్నిసార్లు ఎండబెట్టావు? నిజం చెప్పు, తిట్టను."

జీవితంలో మొదటిసారి నా బద్ధకం ఒకరికి అవసరమైంది. నేనేమో రెండేళ్లుగా ఒక్క పూట తప్పలేదు.

నీళ్లు నమిలి లాభం లేదు. బాల్కనీలోకి తీసుకెళ్లి తొట్టె చూపించాను. దుంప నొక్కిన సంగతీ, ఏడు నెలల సంగతీ చెప్పాను. అన్నయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. నీళ్లలో వేలు పెట్టి, గోళ్లరంగు గీతను తడిమి చూశాడు.

"ఇంత బాగా ఎందుకు చూసుకున్నావే?" అన్నాడు.

అంతలో తలెత్తాడు. "ఆ మొదటి ఎండాకాలం బీటలు వారింది కదా. అప్పుడు పెట్టే ఉంటుంది. నేను తిట్టే హడావిడిలో చూసుకోలేదు. ఆ మట్టి ఎక్కడ పోశాను?"

ఇద్దరం ఒకేసారి మూలనున్న కుండీ వైపు చూశాం.

టీ జల్లెడ తెచ్చాను. పిడికెడు పిడికెడు మట్టి తీసి, నీళ్లలో కడిగి వడగట్టాం. అన్నయ్య మోకాలి నొప్పి మర్చిపోయి నేల మీద కూర్చున్నాడు. సగం మట్టి అయ్యేసరికి రెండు దొరికాయి, నల్లటి డొప్పలు, నిలువునా విచ్చుకుని ఉన్నాయి. ఇంకొంచెం కిందికి వెళితే మూడోది. ఇది విచ్చుకోలేదు. అన్నయ్య దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"కొంచెం గీకితే చాలు. నీళ్లు లోపలికి వెళ్లాలి. నీ చెయ్యే నమ్మాలి."

దుకాణం పనికి వాడే సన్న ఆకురాయి తీసి, భూతద్దం కంటికి తగిలించుకుని, అంచున వెంట్రుకంత గీకాను. గాజు గ్లాసులో నీళ్లు పోసి వేశాం. ప్రాణముంటే గంటలోపు జిగురుదారంలాంటిది బయటికి వస్తుందట. గ్లాసు బల్ల మీద పెట్టి చెరోపక్కా కూర్చున్నాం.

"ఆ రెండూ ఎలా విచ్చుకున్నాయో అర్థం కావట్లేదు," అన్నాడు. "నీళ్లు నిలవుంటే గానీ విచ్చుకోవు. ఖాళీ కుండీకి నీళ్లెవరు పోస్తారు?"

నేను గ్లాసు వైపే చూస్తున్నాను. ఆ కుండీకి చిల్లు లేదు.

"విచ్చుకుంటే మొలకలు రావాలి మరి. పాపం, పిల్లమొక్కలు చూడ్డానికి తల్లిలా ఉండవు. నాలుగాకులూ ఉండవు, ఏమీ ఉండవు. ఒట్టి గడ్డిపరకలే. పెద్దయ్యాక గానీ పోలిక రాదు." మొలకలు ఎదురుగా ఉన్నట్టే, ముద్దుగా చెబుతున్నాడు. "నువ్వూ చిన్నప్పుడు అంతే, ఎవరి పోలికో తెలిసేది కాదు."

రెండేళ్ల కిందటి వానాకాలం నా కళ్ల ముందు కదిలింది. కుండీ నిండా సన్నటి పచ్చపరకలు. అన్నయ్య వచ్చి చూస్తే బాల్కనీ అడవిలా పెట్టావంటాడని, కూర్చుని ఒక్కొక్కటే వేళ్లతో సహా పీకాను. శుభ్రం చేశానని ఆ ఆదివారం గొప్పగా చెప్పాను కూడా. "పర్లేదే, బాగుపడుతున్నావు," అన్నాడు.

గంట అయింది. రెండు గంటలైంది. గ్లాసులో గింజ మెల్లగా పైకి తేలింది. భూతద్దంలో చూశాను. లోపల ఏదో పురుగు ఎప్పుడో తినేసింది, డొల్ల.

"ఏమైనా కనిపిస్తోందా?" అన్నాడు.

"లేదన్నయ్యా." ఇంకో అబద్ధం మోసే ఓపిక నాకు లేకపోయింది. "ఆ కుండీలో గడ్డి మొలిచింది. నేనే పీకేశాను. నీకు చెప్పాను కూడా."

అన్నయ్యకు గుర్తొచ్చింది. అది ముఖంలో తెలిసింది. చేతులకంటిన మట్టిని గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"గడ్డి అనుకుంటే ఎవరైనా పీకుతారు," అన్నాడు చివరికి. లేచి చేతులు కడుక్కున్నాడు. మెట్లు దిగుతుంటే చెయ్యి అందించాను, పట్టుకున్నాడు. కింద ఆటో ఎక్కేముందు, "ఇక నీళ్లు పోయక్కర్లేదులే," అన్నాడు. ఆ మాటలో కోపం వెతికాను. లేదు.

ఆదివారం అదే వేళకు ఫోన్ వచ్చింది. మా ఆయన ఎలా ఉన్నాడని అడిగాడు. మోకాలు ఎలా ఉందని అడిగాను. ఎండలు ముదిరాయన్నాడు, అవునన్నాను. తర్వాత ఎప్పుడూ అడిగే మాట దగ్గరికొచ్చి ఆగిపోయాడు. నేను ఫోన్ చెవికి నొక్కుకుని ఎదురుచూశాను.

"మరి ఉంటానమ్మా," అన్నాడు.