బద్ద నిలిచే చోటు

నట్లు తుప్పు పట్టాయి కానీ వాటికి కట్టిన దారాలు కొత్తవి. లెక్కల టీచరు ఒక్కో నట్టునూ దారం ఉచ్చు పట్టుకుని ఎత్తి, పొడవాటి చెక్క బద్దకు తొడిగింది. ఒక్కో నట్టు ఒక్కొక్కరి మార్కు: ఒకటి ఇరవై దగ్గర, ఒకటి పాతిక దగ్గర, ఒకటి ముప్పై దగ్గర. ఆ బద్దను ఆమె ఉద్యోగంలో చేరిన ఏడు దగ్గరుండి చిత్రిక పట్టించుకుంది. నట్ల బరువు ముందు దాని బరువు లెక్కలోకి రానంత పలచన. సున్నా నుంచి వంద దాకా నల్ల సిరాతో గీతలున్నాయి. మధ్య అంకెలు వేళ్ల రాపిడికి చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుతూ వచ్చింది. అందుకే నలభైలోని నాలుగు మిగతా అంకెల కంటే లావుగా ఉంటుంది.

బడి గంట కొట్టడానికి ఇంకా చాలా సేపుంది. లెక్కల్లో వెనకబడిన పదో తరగతి పిల్లల కోసం ఆమె తనంతట తాను పెట్టుకున్న పొద్దుటి తరగతి ఇది. పిల్లలు నిద్ర తేరని కళ్లతో బల్లల మీద మోచేతులు ఆనించి చూస్తున్నారు. ఆమె తలుపు కింద దూర్చే చెక్క చీలికను తెచ్చి, సుద్దముక్కల పెట్టె మీద నిలబెట్టి, దాని అంచున బద్దను ఆనించింది. బద్ద అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. ఓపిగ్గా జరిపి జరిపి పాతిక దగ్గరకు తెచ్చేసరికి కదలకుండా నిలిచింది.

"సగటంటే ఇదే. బద్ద నిలిచే చోటు" అంది. తర్వాత ఇంకో నట్టు తీసి తొంభై ఐదు దగ్గర తొడిగింది. బద్ద దబ్బున ఒరిగి బల్లకు తగిలింది. నలభై దాటించి చీలికను పెడితే గానీ మళ్లీ నిలబడలేదు.

"ఇప్పుడు సగటెంత?"

"నలభై రెండున్నర మేడం."

"మరి మొదటి ముగ్గురిలో ఎవరికైనా నలభై వచ్చాయా?"

"రాలేదండీ."

అందరికంటే ముందే గడ్డం మొలిచినందుకు తాత అని పిలిపించుకునే పిల్లాడు ముందు బల్లలోంచి లేచాడు. "అంటే మేడం, వాడొక్కడు చదివితే మేమందరం పైకొచ్చేసినట్టేనా? ఈ మాట ముందే చెప్తే వాడికి రోజూ టీ పోయించేవాళ్లం కదా."

"మీ టీలు తాగితే వాడు కూడా మీ పక్కనే తేల్తాడ్రా, కూర్చో."

గది నవ్వింది. ఆమె కూడా నవ్వి, అలవాటుగా వెనక గోడ వైపు చూసింది. అక్కడ గోడకు అతుక్కుని కూర్చునే పిల్ల ఇవాళ కూడా లేదు. పిల్లలు ఆ అమ్మాయిని గోడబల్లి అంటారు. ఆ పేరుతో ఎవరు పిలిచినా టీచరు వాళ్లను ఒక పూట నిలబెడుతుంది. అయినా ఆ అమ్మాయి గోడను వదల్లేదు, వీళ్లు పేరును వదల్లేదు.

ఇది ఆమె ఉద్యోగంలో చివరి రోజు. ఈ సంగతి పిల్లలకు తెలుసు, ఆమెకు తెలుసు, ఎవరూ ఎత్తలేదు. ఎత్తింది అక్క ఒక్కతే. కాలు విరిగి మంచం మీదున్న అక్క పొద్దున్నే ఫోన్ చేసి, "సాయంత్రం బస్సు నీ కోసం ఆగదు. వెళ్లే ముందు మళ్లీ ఏ పిల్లాడికో లెక్క చెప్తూ కూర్చోకే తల్లీ" అంది. ఇకనుంచి ఆ ఇంట్లో ఇద్దరూ ఉంటారు. పెట్టె సర్దడం రాత్రే అయిపోయింది.

అవ్వనిది ఒక్కటే. ఆమె వెళ్లాక పొద్దుటి తరగతి ఎవరు తీసుకుంటారన్నది.

హెడ్మాస్టరు గదిలో కాగితం సిద్ధంగా ఉంది. పదో తరగతి లెక్కల సగటు నలభైకి తగ్గిన బడికి, వచ్చే ఏడు పొద్దుటి తరగతి కోసం ప్రత్యేకంగా ఒక టీచరును ఇస్తామని పై ఆఫీసు చెప్పింది. పోయిన వారం పెట్టిన పరీక్ష సగటు ఈ సాయంత్రంలోగా పంపాలి. హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ సంతోషంగా ఉన్నాడు.

"నలభై రెండు మేడం. మీరు వెళ్లే రోజున మంచి కబురు."

"అది పరీక్ష రాసిన పాతికమంది సగటండీ. తరగతిలో ముప్పై మంది ఉన్నారు."

"రానివాళ్ల సంగతి మనకెందుకు? పోనీ వాళ్లకి సున్నాలు వేసేద్దామా? మీకు కావాల్సినట్టు తగ్గుతుంది కూడా."

"సున్నా వేస్తే అదీ అబద్ధమే కదండీ. వాళ్లకేం రాదని మనకెవరు చెప్పారు? రాయలేదు, అంతే." ఆమె సంచిలోంచి ఐదు ప్రశ్నపత్రాలు తీసి బల్ల మీద పెట్టింది. అవే లెక్కలు, అంకెలు మాత్రం మార్చింది. "నేనెళ్లి రాయించుకొస్తాను."

"ఇవాళా? సాయంత్రం మీ కోసం మీటింగు పెట్టుకున్నాం."

"మీటింగుకి అందుకుంటాను" అని గొడుగు తీసుకుంది. తరగతి సగటు తగ్గాలని కోరుకునే టీచరు తనొక్కతే అయి ఉంటుందని గేటు దాటుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. కానీ తగ్గుతుందని నమ్మకంగా ఉంది. పరీక్ష రోజున మానేసేవాళ్లు సాధారణంగా పరీక్షంటే భయపడేవాళ్లే. వాళ్లను వదిలేసి తీసిన సగటు, జబ్బువాళ్లను ఇంట్లో ఉంచి ఊరంతటికీ జ్వరం చూసినట్టు ఉంటుంది.

అట్టపెట్టెల గోదాములో ఇద్దరు దొరికారు. యజమానిని అడిగి, వాళ్లను రెండు మూలలా రెండు పెట్టెల మీద కూర్చోబెట్టి రాయించింది. కూలిన మెట్లున్న ఇంట్లో ఒకడు జ్వరం తగ్గి తీరుబడిగా గాలిపటం అతికించుకుంటున్నాడు. వాడి నాయనమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి, "జ్వరమొస్తే డాక్టరొస్తాడనుకున్నా గానీ పరీక్షే ఇంటికొస్తుందనుకోలేదమ్మా" అంది. నాలుగోవాడు ఆమెను వీధి చివరే చూసి ఇంట్లోకి పరుగెత్తాడు. వాళ్లమ్మ చెవి పట్టుకుని తీసుకొచ్చింది. చెవి వదిలితే గాని పెన్ను పట్టుకోలేనన్నాడు.

మోకాలు నొప్పి పెట్టినప్పుడల్లా ఏదో ఒక అరుగు మీద ఆగి దిద్దుకుంటూ వచ్చింది. పద్దెనిమిది, ఇరవై రెండు, పాతిక, ఇరవై. అనుకున్నట్టే ఉంది. ఇంక మిగిలింది గోడ పక్క అమ్మాయి. ఆమె నడుస్తూనే మనసులో కూడి చూసుకుంది. ఆ అమ్మాయికి అరవై నాలుగు వచ్చినా సగటు నలభై దాటదు. పోయిన ఏడు ఆ పిల్లకు వచ్చినవి పద్నాలుగు. పని అయిపోయినట్టే.

అమ్మాయి వాళ్లమ్మ దర్జీ. ముందు గదే కొట్టు. కుట్టు మిషను, గోడకు తగిలించిన సగం చొక్కాలు, నేల మీద రంగురంగుల పీలికలు. కూతురు గుండీలు కుడుతోంది. టీచరును చూడగానే సూది వేలికి గుచ్చుకుంది.

"మా పిల్లకి లెక్కలు రావండీ" అంది దర్జీ, అమ్మాయిని కాపాడుతున్నట్టు ముందుకొచ్చి. "దానికి నా బుర్రే వచ్చింది. పరీక్ష పేరెత్తితే చాలు, దీని చేతులు చెమటలు పట్టేస్తాయి. హాల్లో అంతా చప్పుడు లేకుండా ఉంటే దీనికి గుండె చప్పుడే వినిపిస్తుందంట."

"రాకపోయినా పరవాలేదు. వచ్చినంత వరకూ రాస్తే చాలు" అంది టీచరు.

దర్జీ కత్తిరింపుల బల్ల ఖాళీ చేసింది. మిషను ముందు కూర్చుని సందేహంగా, "తొక్కనా, ఆపనా?" అని అడిగింది.

అమ్మాయి తల ఎత్తలేదు. "తొక్కమ్మా. చప్పుడుంటేనే బాగుంటుంది."

మిషను నడిచింది. టీచరు స్టూలు మీద కూర్చుని చూస్తోంది. అమ్మాయి మొదటి లెక్క దగ్గర ఆగింది. పీలికతో అరచెయ్యి తుడుచుకుంది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. మిషను ఆగినప్పుడు పెన్ను ఆగుతోంది, మిషను కదిలినప్పుడు పెన్ను కదులుతోంది. దర్జీ అది గమనించి, అయిపోయిన కుట్టు మీదే మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

టీచరు అక్కడే దిద్దింది. ఒకసారి కూడి, నమ్మకం కుదరక కింది నుంచి పైకి మళ్లీ కూడింది. డెబ్బై ఒకటి.

అరవై నాలుగు, డెబ్బై ఒకటి. తీసివేత చేయాల్సిన పనే లేదు. తరగతికి టీచరు రాదు. కానీ అంతకంటే బరువైన సంగతి ఇంకొకటి లోపల కూర్చుంది. రెండేళ్లుగా ఈ పిల్లను కొలుస్తూ వచ్చింది. కొలిచిన ప్రతిసారీ భయమే తూగింది కానీ లెక్కలు తూగలేదు. పొద్దుటి తరగతిలో గోడ పక్క నుంచి ఈ అమ్మాయి అన్నీ వింటూనే ఉంది.

"తప్పాయాండీ?" అంది అమ్మాయి.

"లేదమ్మా. నేనే తప్పాను." కాగితం ఆమె ముందుకు తిప్పి చూపించింది. దర్జీ కూడా వంగి చూసి, అంకె అటుదిటు రాశారేమోనని, "పదిహేడాండీ?" అంది.

"డెబ్బై ఒకటి."

దర్జీ కూతురి నెత్తి మీద ఉత్తినే ఒక్కటి మొట్టింది. ఆ తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకోవడానికి మిషను వైపు తిరిగింది.

వెళ్లబోతూ టీచరు గుమ్మంలో ఆగింది. "రేపు పొద్దున్న తరగతికి రా. మాట్లాడక్కర్లేదు. బోర్డు మీద లెక్క చెయ్యి, చాలు. బోర్డు కూడా గోడేగా. దానివైపు తిరిగే కదా రాసేది."

అమ్మాయి మళ్లీ సూది అందుకుంది. గుండీ దారం కొరికింది.

మీటింగు చిన్నదే. అందరూ మంచి మాటలు చెప్పారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. అయ్యాక హెడ్మాస్టరు గదిలో కాగితం ముందు కూర్చుని కూడింది. ముప్పై మందికీ కలిపి సగటు నలభై పాయింటు రెండు.

హెడ్మాస్టరు తొంగి చూశాడు. ఆయన ముఖంలో పొద్దుటి సంతోషం లేదు. ఆమె ఎండలో తిరిగి వచ్చిన ముఖం ఆయనకు కనిపిస్తూనే ఉంది. గొంతు తగ్గించి, "ఆ ఒక్క పేపరు పక్కన పెట్టండి. పొద్దున్న ఐదుగురూ లేరు, ఇప్పుడొక్కరు లేరు. అడిగేదెవరు? పిల్లలకి టీచరొస్తుంది" అన్నాడు.

ఆమె ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధమవుతుంది. గోదాములోని ఇద్దరూ, గాలిపటంవాడూ, చెవి పట్టుకొచ్చినవాడూ ఆమె కళ్లముందు మెదిలారు.

"రానివాళ్లని వదిలేద్దామని మీరంటే నేనొప్పుకోలేదు. ఇప్పుడు వచ్చిన మార్కుని నేను వదిలేస్తే, పొద్దుటి నుంచీ ఈ మోకాలు నడిచిందంతా దేనికండీ?" అంది. నలభై పాయింటు రెండు అని గడిలో రాసింది. తర్వాత ముప్పై పేపర్లనూ తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చింది. మధ్యలో పడ్డ రెండింటినీ బయటికి లాగింది. ముప్పై ఒకటి, ముప్పై మూడు.

"మధ్యగతం ముప్పై రెండు. అంటే సగం మందికి పాస్ మార్కు కూడా లేదు. ఇది కూడా రాస్తాను."

"దానికి గడి లేదు కదా మేడం."

"లేకపోతే గీస్తాను." స్కేలు పెట్టి, సగటు గడి కింద అంతే వెడల్పున ఇంకో గడి గీసి అందులో రాసింది. పక్కనే చిన్న అక్షరాలతో, పై అంకె కొద్దిమంది వల్ల వచ్చిందని, సగం తరగతికి సాయం కావాలని ఒక్క వాక్యం.

హెడ్మాస్టరు చదివి సంతకం చేశాడు. "వాళ్లు గడులే చూస్తారు, ఇది చదవరనుకుంటా" అన్నాడు. కలానికి మూత పెట్టి, "టీచర్ని నేనివ్వలేను. గది ఇవ్వగలను. రోజూ పొద్దున్న తాళం తియ్యమని అటెండరుకి చెప్తా" అన్నాడు.

"అది చాలా పెద్ద సాయమండీ" అంది, నిజంగానే.

ఆమె తరగతి గదిలోకి వెళ్లేసరికి బద్ద బల్ల మీద పడి ఉంది. నట్లను పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి ఇవాళ నడిచిన చోట్లన్నీ తొడిగింది. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు, పాతిక. చివరిది డెబ్బై ఒకటి. చీలికను అటూ ఇటూ జరిపి, ముప్పై దాటాక ఒక గీతకు తెచ్చి చేతులు తీసేసింది. ఫోన్ మోగింది. "వస్తున్నానే అక్కా, బయల్దేరాను" అంటూ గొడుగు కోసం వెతుక్కుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. చీలిక లేని తలుపు మూసుకుపోయింది.

మర్నాడు పొద్దున అటెండరు తాళం తీశాడు. టీచరు రాదని తెలిసి కూడా పిల్లలు వచ్చారు. ఏం చేయాలో తెలియక తాత టీచరు కుర్చీ వైపు చూశాడు, దాంట్లో కూర్చోలేదు. అప్పుడు గోడ దగ్గర్నుంచి ఒకమ్మాయి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి, సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. బద్ద మీద ఉన్నట్టే లావుగా నలభై రాసింది. చప్పుడుంటేనే తను రాయగలదని నిన్న మేడం చెప్పి వెళ్లిన మాట గుర్తొచ్చి, వెనక బల్లలవాళ్లు కావాలని కాళ్లతో నేలను టకటకా తన్నారు. ఆ చప్పుడులో అమ్మాయి లెక్క రెండో వరస మొదలుపెట్టింది.

బల్ల మీద బద్ద మాత్రం ఎవరూ ముట్టుకోకుండా, ఒక పక్క నాలుగు నట్లతో, ఇంకో పక్క దూరంగా ఒక్క నట్టుతో, నిన్న చేతులు తీసేసినప్పుడు నిలిచినట్టే నిలిచి ఉంది.