పొరుగు చేని మట్టి

అత్తగారి నడిమి పొలం చెక్క మీద పెద్దల్లుడి కన్ను పడి చాలా కాలమైంది. దానికి తూర్పున అతని చేను, పడమట చిన్నల్లుడి చేను. ఆ చెక్కను సేద్యం చేసే ఓపిక ఆమెకిక లేదు. "మట్టిని బతికించేవాడికే ఇస్తాను. ఎవరు బతికిస్తున్నారో మట్టే చెప్పాలి" అని ఆమె తేల్చేసింది. రెండు చేల మట్టీ పరీక్షశాలకు వెళ్లింది.

పెద్దల్లుడు నిశ్చింతగానే ఉన్నాడు. ఏటేటా పేడ ఎరువు తోలి, పచ్చిరొట్ట కలియదున్ని, ఆ నేలను కన్నబిడ్డలా సాకాడు. తోడల్లుడేమో కలుపు రాకుండా సాళ్ల మీద నల్ల ప్లాస్టిక్ పట్టాలు పరుస్తాడు. కోత అయ్యాక పీకే తీరిక లేక వాటి మీదే ట్రాక్టరు రోటవేటర్ తిప్పి దున్నేస్తాడు. అలాంటివాడి మట్టిలోనే, నేల సత్తువకు కొలతగా చూసే కర్బనం ఎక్కువని ఫలితం వచ్చింది. ఎక్కువంటే ఆవగింజంతే. అయితే అసూయకు ఆవగింజ చాలు, కొండ దానంతట అదే మొలుస్తుంది.

"ఏం మందు కలిపాడో!" అని పెద్దల్లుడు కంచం ముందు కూర్చుని గొణిగాడు.

"అన్నం చల్లారుతోంది. మీ కడుపుమంట మీద పెట్టి వేడి చేసుకుంటారా?" అంది భార్య. "అతను నా చెల్లెలి మొగుడండీ, మీ శత్రువు కాదు."

"శత్రువైతే నిద్రైనా పట్టేది."

పెద్దల్లుడు ఫిర్యాదు చేయగా అత్తగారు రెండో పరీక్షకు ఒప్పుకుంది. పరీక్షశాల నుంచి ఒకావిడ వచ్చి రెండు చేలలోనూ రేకు పెట్టెలు బోర్లించి, లోపలి గాలిని సూదితో తీసుకువెళ్లింది. మట్టి తవ్వడానికి మళ్లీ వస్తానని చెప్పింది. ఈలోగా పెద్దల్లుడికి ఒక ఆలోచన వచ్చింది. చెంచాడు పెరుగు వేస్తే కుండెడు పాలు తోడుకుంటాయి కదా; మంచి మట్టి మాత్రం ఎందుకు తోడుకోదు? ఒక మధ్యాహ్నం చిన్నల్లుడు విత్తనాలకు వెళ్లిన సమయం చూసి, అతని చేని గట్టువారన మట్టి గంపలకెత్తి తెచ్చి తన చేని మొదట్లో చల్లి కలియదున్నాడు. దొంగతనమని అతనికి తోచలేదు. తనకు రావలసిన ఘనతను తెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

పరీక్షశాల ఆవిడ చెప్పినట్టే వచ్చింది. అందరి ఎదుటా ఒక్కో చేనులో నలుమూలలా తవ్వి, మట్టిని కలిపి అత్తగారి వసారాకు తెచ్చింది. రెండు గాజు జాడీలలో చెరో చేని మట్టి వేసి ఉప్పునీళ్లు పోసింది.

"ఇదేం పరీక్ష తల్లీ, ఊరగాయ పెడుతున్నావా?" అంది అత్తగారు.

ఆవిడ నవ్వింది. "మొదటిసారి మట్టిని కొలిమిలో మండించి లెక్క చూశామండీ. ప్లాస్టిక్‌లోనూ కర్బనమే ఉంటుంది. అది కుళ్లిన ఆకుదో, చిరిగిన పట్టాదో మా యంత్రానికి తెలియదు. సన్నపొరలు జల్లెడలో కూడా దిగిపోతాయి. ఉప్పునీళ్లలో మట్టి అడుక్కి పోతుంది, పొరలు పైకొస్తాయి."

"మరి ఆ పెట్టెల సంగతేమిటి?" అని చిన్నల్లుడు అడిగాడు.

"మీ నేల నుంచి బొగ్గుపులుసు వాయువు, నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వస్తున్నాయి. రెండూ భూమిని వేడెక్కించేవే. మీరు వేసిన ఎరువులో కొంత గాలిలో కలిసిపోతోందన్నమాట."

"ప్లాస్టిక్ వల్లేనా?"

"ఒట్టేసి చెప్పలేను. కొన్ని నేలల్లో పెరిగిందన్నారు, కొన్నింట్లో తగ్గిందన్నారు. ఇక్కడ మాత్రం నాకు అనుమానం గట్టిగానే ఉంది."

ఈ మాటలకు పెద్దల్లుడి గుండె పండుటాకులా తేలికపడాల్సింది. రాయిలా దిగబడింది. కోరి కొరివితో తల గోక్కున్నానని అప్పటికి అర్థమైంది. చిన్నల్లుడి జాడీలో నల్లపొరలు జీలకర్ర చల్లినట్టు పైకి తేలాయి. తరువాత పెద్దల్లుడి జాడీలోనూ తేలాయి. తక్కువే, కానీ తేలాయి.

"పెద్దల్లుడూ, నీ చేలో ప్లాస్టిక్ సంచీ కూడా అడుగుపెట్టదన్నావే!" అంది అత్తగారు.

అతను నోరు తెరిచేలోగా చిన్నల్లుడు అందుకున్నాడు. "గాలికి నా చేలోంచే ఎగిరి ఉంటాయి అత్తయ్యా. తప్పు నాది, అన్నయ్యకేం సంబంధం? ఆ చెక్క ఆయనకే ఇవ్వండి."

చెక్క చేతికి వచ్చేసింది. ఊరుకుంటే చాలు. అయితే పెద్దల్లుడి ఒళ్లు మండిపోయింది. కర్బనంలో ఓడిపోయినా పరవాలేదు. మంచితనంలో కూడా వీడే గెలవాలా? ఇక జీవితాంతం ఆ చెక్కలో నాగలి పెట్టినప్పుడల్లా వీడి దయ మీద దున్నాలా?

"గాలి కాదు, నేనే" అన్నాడు గొంతు పెంచి. "గంపలతో నీ మట్టి తెచ్చి నా చేలో కలిపాను."

చిన్నల్లుడు తెల్లబోయాడు. "నా మట్టినా? ఎందుకన్నయ్యా?"

"ఎందుకంటే అది నీది కాబట్టి!"

 ముందు నవ్వింది పెద్దల్లుడి భార్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"చెక్క నా దగ్గరే ఉంటుంది" అంది అత్తగారు. "ఒకడు చూసుకోకుండా పాడుచేశాడు, ఇంకొకడు చూసి మరీ పాడుచేసుకున్నాడు. ముందు మీ చేలు ఏరండి."

"సన్నవి చేతికి దొరకవండీ. పెద్ద ముక్కలైనా చితికి సన్నబడకముందే ఏరితే కొంత మేలు" అంది పరీక్షశాల ఆవిడ.

మర్నాడు ఉదయం తోడల్లుళ్లిద్దరూ చెరో చేలో వంగి పట్టా ముక్కలు ఏరుతున్నారు. కాసేపయ్యాక పెద్దల్లుడు నడుం సాగదీసి పడమటి వైపు చూశాడు. తోడల్లుడి పోగు అప్పుడే మోకాలెత్తు లేచింది. ఎక్కువ చల్లినవాడికి ఎక్కువ దొరుకుతాయని అతనికి తెలుసు. అందులో గొప్పేమీ లేదని కూడా తెలుసు.

అయినా తిరిగి వంగి, చేతులకు వేగం పెంచాడు.