కండక్టరమ్మ నీడ కుంటింది

పొద్దున్న ఆరున్నరకల్లా పికిల్‌బాల్ కోర్టు దగ్గర సందడి మొదలవుతుంది. కోర్టంటే పెద్దదేం కాదు. మూతబడ్డ బస్సు షెడ్డు వెనకాల గీతలు గీసి, నడుమెత్తున వల కట్టిన సిమెంటు గచ్చు. చేతిలో పలక లాంటి బ్యాటు, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి, అటిద్దరు, ఇటిద్దరు. పెద్దగా పరిగెత్తక్కర్లేదన్న ధైర్యంతో అరవై దాటినవాళ్లంతా అక్కడే చేరతారు. ఆ ధైర్యంతోనే కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఆట మొదలెట్టే ముందు అందరూ సూర్యుడికి వీపు పెట్టి వరసగా నిలబడతారు, నీడలు చూసుకోవడానికి. అక్కడ నీడలు మనుషులకంటే పదిహేను రోజులు ముందుంటాయి. ఒంటికి తగలబోయే దెబ్బ నీడకి ముందే తగులుతుంది. మోకాలు పట్టేయబోయేవాడి నీడ మోకాలు పట్టుకుని వంగుతుంది. భుజం నొప్పి రాబోయే ఆవిడ నీడ చెయ్యెత్తలేక అవస్థ పడుతుంది. ఇవాళ మబ్బుగా ఉంది అన్నంత మామూలుగా, "నీ నీడ మోచెయ్యి బాగాలేదోయ్, చూపించుకో" అనేసి బంతి అందుకుంటారు. చూపించుకునేది పక్కవీధి ఫిజియో అమ్మాయి దగ్గర. ఆ అమ్మాయి చెప్పిన కసరత్తు బుద్ధిగా చేస్తే నీడ తిన్నగా అవుతుంది, దెబ్బ రాకుండా తప్పిపోతుంది.

ఇక కండక్టరమ్మ సంగతి. ముప్పై రెండేళ్లు సిటీబస్సులో టికెట్లు కొట్టి రిటైరైంది. మనిషి దిగింది గానీ గొంతు ఇంకా బస్సులోనే ఉంది. "ముందుకి జరుగు, వల దగ్గరంతా ఖాళీయే" అని తన జోడీని అదిలిస్తూ ఉంటుంది. ఆ జోడీ కళ్లజోళ్ల షాపాయన. ఆవిడని అక్కా అంటాడు, ఎన్ని చీవాట్లు పెట్టినా నవ్వుతాడు.

ఇంట్లో ఆవిడ భర్త ఉన్నాడు. ఒకప్పుడు మంచి పేరున్న వడ్రంగి. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి, రోజుకి ఆరేడుసార్లు ఆయన్ని ఎత్తేది ఆవిడే. పొద్దున్న ఒక్క గంట ఎదురింటావిడ వచ్చి ఆయన దగ్గర కూచుంటుంది. ఆ గంటే ఈవిడ ఆట. ఆ గంట కూడా లేకపోతే తనకి మతి పోతుందని కండక్టరమ్మకి తెలుసు. తన కాలికేమైనా అయితే ఆయన్ని ఏదో ఒక వృద్ధుల హోమ్‌లో చేర్పించక తప్పదనీ తెలుసు.

ఒకరోజు వరసలో చోటు చాలక ఆవిడ షాపాయన వెనక నిలబడింది. ఇద్దరి నీడలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందులోంచి ఒక కాలు మడమ ఆనించకుండా కుంటుతూ బయటికొచ్చింది.

"షాపాయనా, నీ పనైపోయింది. మడమ చూపించుకో" అన్నారందరూ.

కండక్టరమ్మ మెల్లిగా తన కుడికాలు కదిపి చూసింది. నీడలో కుంటే కాలూ కదిలింది. అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. ముప్పై రెండేళ్లలో ఒక్కణ్ణీ టికెట్ లేకుండా దిగనివ్వని మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు మూసుకుంది. ఆట మానమంటారని భయం. మర్నాటి నుంచి వరసలోకి రాకుండా షెడ్డు గోడ పక్క నీడపట్టునే నిలబడటం మొదలెట్టింది.

పాపం షాపాయన మాత్రం రోజూ షాపు మెట్టు మీద మడమలెత్తి దించాడు, గోడకి చేతులానించి పిక్కలు సాగదీశాడు. పదో రోజున నవ్వుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఫిజియో అమ్మాయి నన్నొక్కణ్ణే ఎండలో నిలబెట్టి చూసింది. నా నీడ నిక్షేపంలా ఉందట. ఆ కుంటు నీడ ఇంకెవరిదో. వాళ్లెవరో గానీ ఇంకా ఐదు రోజులే ఉన్నాయి, తల్చుకుంటే బాధగా ఉంది."

తన కోసం పది రోజులు చెమటోడ్చిన మనిషి, తన కోసమే బాధపడుతున్నాడు. ఆవిడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"అది నాదే తమ్ముడూ" అంది.

ఆయన బ్యాటు కింద పెట్టి, "పద" అన్నాడు.

ఫిజియో అమ్మాయి మడమ పైన నరం నొక్కగానే ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఎన్నాళ్ల నుంచి పిన్నీ?"

"నాలుగు నెలలైంది. పొద్దున్న లేవగానే పది అడుగులు నొప్పి, తర్వాత సర్దుకుంటుంది. ఆట మానమంటావని చెప్పలేదమ్మా."

"మానమని నేనెప్పుడన్నాను? పదండి, బాబాయ్‌ని ఎలా ఎత్తుతారో చూస్తాను."

ఇంటికొచ్చి చూసింది. కండక్టరమ్మ ఆయన చంకల కింద చేతులేసి, మునివేళ్ల మీద లేచి, ఒక్క గుంజు గుంజి పక్కకి తిప్పి కుర్చీలో వేసింది.

"నరం ఇక్కడ అరుగుతోంది పిన్నీ. కోర్టులో తలమీదుగా పోయే బంతి కోసం ఒక్కసారి వెనక్కి పరిగెత్తారంటే పుటుక్కుమంటుంది." తర్వాత ఆయన వైపు తిరిగింది. "బాబాయ్, మీ కుడికాలు బాగానే ఉంది కదా, దానికి పని చెప్పరేం?"

"నన్నెవరడిగారమ్మా? మీ పిన్ని సిమెంటు మూటలా ఎత్తి పడేస్తుంది."

"మీరు నోరు తెరిచి చెప్పొచ్చుగా" అంది కండక్టరమ్మ.

"నీ బస్సెక్కినవాడికి మాట్లాడే ఛాన్సుందా?"

ముగ్గురూ నవ్వారు. ఆ పూటే అమ్మాయి ఇద్దరికీ నేర్పింది. ఆయన అంచుకి జరిగి పాదాలు నేలకి ఆనించాలి, మూడు లెక్కపెట్టి ఇద్దరూ కలిసి లేవాలి, ఎడమకాలికి కూడా కాస్త బరువు చూపించాలి. ఆవిడ కుర్చీ వెనక నిలబడి మడమలు మెల్లిగా ఎత్తి, అంతకంటే మెల్లిగా దించాలి. నాలుగు రోజులు ఆట వద్దు. ఐదో రోజు ఆడొచ్చు గానీ ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవాలి. బంతి తలమీదుగా పోతే వెనక్కి వెనక్కి పరిగెత్తకుండా పక్కకి తిరిగి నడవాలి, అందదనుకుంటే వదిలెయ్యాలి.

ఐదో రోజు అటువైపు ఆడుతున్న పోస్టుమాస్టారు బంతిని ఎత్తుగా లేపాడు. కండక్టరమ్మ కుడికాలు అలవాటు కొద్దీ వెనక్కి పడబోయింది. ఆపుకుంది. బంతి వెళ్లి గీత లోపలే పడింది.

"వదిలేశావేంటక్కా" అన్నాడు షాపాయన, నమ్మలేక.

"వదిలేశాను" అంది. కిందకి చూసుకుంటే నీడ రెండు మడమలూ ఆనించి నిలబడి ఉంది. ఆవిడకి కళ్లనీళ్లాగలేదు. "నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను తమ్ముడూ. నా కాలు నిలబెట్టావు, ఆయన్ని నా దగ్గరే ఉంచావు."

"ముందు ఆట కానియ్యక్కా, అందరూ చూస్తున్నారు" అన్నాడాయన, తనూ కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత కూడా ఇంట్లో కసరత్తు మానలేదు. ఆయన లెక్కపెట్టేవాడు, ఆవిడ మడమలెత్తేది. మూడోనెలలో ఒక పొద్దున్న కిటికీలోంచి వీపు మీద ఎండ పడుతుండగా ఆయన ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆగిపోయాడు.

"ఏమైందండీ? తొమ్మిది చెప్పండి."

ఆయన ఎదురుగోడ వైపు చూస్తున్నాడు. గోడ మీద కుర్చీ నీడ ఖాళీగా ఉంది. దాని పక్కన, ఎవరూ పట్టుకోకుండా, ఎడమభుజం కొంచెం వాలిన మగమనిషి నీడ నిటారుగా నిలబడి ఉంది.

"అదెవరే?" అన్నాడు.

"మీరేనండీ."

కండక్టరమ్మ ఆయన తలని ఒక్కసారి గుండెలకి హత్తుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, కుర్చీ పక్కనున్న బల్లని రెండు చేతులతో గోడ దాకా నెట్టేసింది. పదిహేను రోజుల్లో ఆయన లేచి నిలబడతాడు, చోటుండాలి కదా.