ఫినిషింగ్ చూడండి

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య మా కేకుల క్లాసు బోర్డు కూడా వేలాడుతుంటుంది. లోపల గోడ నిండా రాగసుధ మేడమ్ సర్టిఫికెట్లే. ఓవెన్ మాత్రం లేదు. కేకులకు బదులు మాకు గుండ్రటి థర్మాకోల్ దిమ్మలు ఇచ్చేది. డాల్డాలో పంచదార పొడి కలిపి గిలక్కొట్టి, దానికి క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ అని పేరు పెట్టేది. మేం దాంతో గులాబీలు వేసి ఫోటోలు తీసుకోగానే, అంతా గీకి మళ్ళీ డబ్బాలోకి తోసేది. తర్వాతి బ్యాచ్‌కి అదే.

"ఇందులో చీజ్ ఏది మేడమ్?" అని మొదటి రోజే అడిగాను.

"ఫోటోలో చీజ్ కనిపిస్తుందా ఏంటి? ఫినిషింగ్ చూడండి," అంది, నా మొహానికి ఇవన్నీ ఎందుకన్నట్టు.

కోర్సు ఆఖరి రోజే ఆవిడ పుట్టినరోజు. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళ ముందు, వాళ్ళు ఫోన్లలో వీడియో తీస్తుండగా, మా చేతి కేకే కోస్తానని పట్టుబట్టింది. నేనూ, నా పక్క టేబుల్ ఆర్జూ కలిసి మూడంతస్తులది తయారుచేశాం. గులాబీలు చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

మేడమ్ నవ్వుతూ కత్తి దించింది. అది కీచుమంది. తెల్లటి పూసలు రాలి ఆవిడ పట్టుచీరకు అంటుకున్నాయి.

"ఏంటిది? కేక్ ఏది?" అని అరిచింది.

ఆర్జూ తాపీగా అంది: "కేక్ చేసుడు మీరు నేర్పియ్యలే కదా మేడమ్. జర ఫినిషింగ్ చూడుండ్రి."